గుట్టల ఊళ్లో రాక్ క్రాలర్: 20 వేల లోపు, మొదటిసారి, సొంతంగా

మార్చి ఆఖరు

బడ్జెట్ 20 వేలు. ఛార్జరు, బ్యాటరీ, రిమోటు అన్నీ అందులోనే. కట్టాలనుకుంటున్నది రాక్ క్రాలర్, అంటే స్పీడుగా పరిగెత్తకుండా రాళ్ల మీద ఒక్కో చక్రం ఆనించుకుంటూ మెల్లగా ఎక్కే రిమోట్ బండి. ఇంతకు ముందు ఇలాంటిది నేనేదీ కట్టలేదు. సోల్డరింగ్ కొంచెం వచ్చు, ఇంట్లో అల్లెన్ కీల సెట్టూ మల్టీమీటరూ ఉన్నాయి. వేరే ఊళ్లలో ఈ హాబీ ఉన్నవాళ్లు పెరట్లోకి రాళ్లు తెప్పించుకుని, సిమెంటు పోసి మరీ ట్రాకులు కట్టుకుంటారు. మనకు ఆ పని లేదు. మా ఇల్లు హైదరాబాద్ మణికొండలో, స్కూటర్ తీస్తే కాసేపట్లో ఖాజాగూడ గుట్టల దగ్గర ఉంటాను, అక్కడున్న దారులన్నీ ఎక్కి చూడటానికి ఏళ్లు పడుతుంది.

ఏ సైజు తీసుకోవాలన్న దగ్గరే ఎక్కువ ఆలోచించాను. కొత్తవాళ్లకు చాలామంది చిన్న బండ్లు చెబుతారు, 1/24 స్కేలు (అంటే అసలు బండిలో 24వ వంతు) ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24, 1/16 స్కేలు డబ్ల్యూపీఎల్ లాంటివి, ఇంట్లో పుస్తకాలు పేర్చి వాటి మీద ఎక్కించుకోవడానికి అవి నిజంగా బాగుంటాయి. కానీ నేను నడపబోయేది గ్రానైట్ గుండ్ల మీద. అక్కడ రాయికీ రాయికీ మధ్య ఉన్న సందు మన అరచెయ్యంత వెడల్పు ఉంటుంది, చిన్న బండి అందులో పడితే మళ్లీ చేత్తో తీయాల్సిందే. అందుకే 1/10 స్కేలు. ట్రాక్సాస్ టీఆర్‌ఎక్స్-4 లాంటి పేరున్న బండ్లు ఈ బడ్జెట్‌లో రావు. కాబట్టి ఎలక్ట్రానిక్స్ ఏమీ లేని ఖాళీ చాసిస్ ఒకటి ఆర్డర్ పెట్టాను, ఎస్‌సీఎక్స్10 కొలతలతో చేసే రకం. పొడుగ్గా రెండు స్టీలు పట్టీలు, మెటల్ యాక్సిళ్లు, మధ్యలో గేర్‌బాక్సు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, 1.9 అంగుళాల చక్రాలు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 313 మిల్లీమీటర్లు. ఈ కొలత చాలా బండ్లకు కామన్, కాబట్టి రేపు ఏ పార్టు విరిగినా దొరుకుతుందన్న ధైర్యం ఉంటుంది. సగం డబ్బు దీనికే అయిపోయింది.

మిగతా సగం ఎలా పంచాలన్నదాని మీద ముందే ఒక నిర్ణయానికొచ్చాను. రాయిని తాకేవాటికి ముందు, మోటారుకు ఆఖర్న. టైర్లు, బరువు, స్టీరింగ్ తిప్పే సర్వో, వీటి మీద పెట్టిన ప్రతి రూపాయీ గుట్ట మీద కనిపిస్తుంది. పవర్ మీద పెట్టింది కనపడదు, ఎందుకంటే క్రాలర్ నడిచేది మనిషి నడక కంటే మెల్లగా.

ఏప్రిల్ మొదట్లో

చాసిస్ వచ్చింది. సగం బిగించి పంపారు, నేను మొత్తం విప్పేశాను. తక్కువ ధర కిట్లలో ఇది తప్పని పని, స్క్రూలు చేత్తో తిప్పినా ఊడి వచ్చేంత వదులుగా ఉన్నాయి. మెటల్‌లోకి వెళ్లే ప్రతి స్క్రూనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నూనె జిడ్డు పోయాక స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్‌టైట్, ఒక చుక్క వేసి బిగించాను. ఎర్ర రంగుది వద్దు, మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూలకు ఏ రంగుదీ వేయకూడదు, కొన్ని రకాల ప్లాస్టిక్ దాని వల్ల పగుళ్లిస్తుంది.

యాక్సిల్ మూత తీసి లోపల చూస్తే మామూలు కారులో ఉండే డిఫరెన్షియల్ లేదు, రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. క్రాలర్‌కి కావాల్సింది ఇదే. రోడ్డు మీద కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి డిఫరెన్షియల్ పెడతారు, కానీ అదే ఏర్పాటు రాళ్ల మీద ఉంటే, ఒక చక్రం గాల్లోకి లేచిన క్షణాన తిరుగుడంతా ఆ గాల్లో ఉన్న చక్రానికే పోయి, నేల మీదున్నది కదలకుండా ఉండిపోతుంది. లాక్ చేస్తే ఆ బాధ లేదు, నేలను పట్టుకున్న చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. దానికి మనం కట్టే మూల్యం ఏమిటంటే బండి చాలా వెడల్పుగా మలుపు తీసుకుంటుంది, స్టీరింగ్ మీద లోడు పెరుగుతుంది. అందుకే మంచి సర్వో కావాలని మొదట్లోనే రాసుకున్నాను.

గేర్లలో గ్రీజు పేరుకు మాత్రమే ఉంది. పళ్లకు పట్టేలా మళ్లీ రాశాను. వేలితో తిప్పి చూస్తే రెండు బేరింగులు గరగరమంటున్నాయి. వెర్నియర్‌తో కొలిస్తే లోపల 5, బయట 11, మందం 4 మిల్లీమీటర్లు, అంటే ఎంఆర్115 నంబరు. రాణిగంజ్‌లో బేరింగుల షాపుకెళ్లి నంబరు చెప్పాను. "ఏ మిషన్‌కన్నా?" అని అడిగాడు. బొమ్మ బండికి అని ఫోన్లో ఫోటో చూపిస్తే ఆయన అది చాలాసేపు చూసి, లోపలికెళ్లి ఉన్న రకాలన్నీ తెచ్చి వేలి మీద తిప్పి తిప్పి సాఫీగా తిరిగేవి ఏరి ఇచ్చాడు. పనిలో పనిగా 3 ఎంఎం అల్లెన్ స్క్రూలు రకరకాల పొడవుల్లో అక్కడే కొన్నాను. రాణిగంజ్‌లో తూకానికి అమ్మే షాపులున్నాయి, ఆన్‌లైన్లో ప్యాకెట్ల లెక్కన కొనడం దండగ.

ఏప్రిల్ చివర

కరెంటు పని. మోటారు 540 సైజు బ్రష్డ్ (లోపల కార్బన్ బ్రష్‌ల ద్వారా కరెంటు అందే రకం), 55 టర్న్‌ది. ఈ టర్న్ అన్న అంకె కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది. మోటారు లోపల ఒక్కో పోల్ చుట్టూ తీగ ఎన్ని చుట్లు చుట్టారన్నదే ఆ అంకె. చుట్లు ఎక్కువైతే స్పీడు తగ్గుతుంది, అదే కరెంటుకు తిప్పే బలం పెరుగుతుంది. రేసు బండ్లకు తక్కువ టర్న్, క్రాలర్లకు 35 నుంచి 80 దాకా వాడతారు. బ్రష్‌లెస్ ఎందుకు తీసుకోలేదంటే, సెన్సర్ లేని చవక బ్రష్‌లెస్ మోటార్లు బాగా తక్కువ స్పీడులో తడబడతాయి, కదలడానికి ముందు గిజగిజలాడతాయి. రాయి అంచు మీద బండి ఆగి ఉన్నప్పుడు ఆ ఒక్క కుదుపు చాలు కింద పడటానికి.

మోటారును నడిపే స్పీడ్ కంట్రోలర్, అందరూ ఈఎస్‌సీ అంటారు, హాబీవింగ్ క్విక్‌రన్ 1080. ఇక్కడ మాత్రం చవకదానికి పోలేదు. దీంట్లో డ్రాగ్ బ్రేక్ ఎంత ఉండాలో మనం సెట్ చేసుకోవచ్చు. రిమోట్ వదిలేయగానే ఈఎస్‌సీ మోటారు రెండు తీగలనూ లోపల కలిపేస్తుంది, అప్పుడు మోటారు జనరేటర్‌లా మారి తనను తాను తిరగకుండా పట్టుకుంటుంది. 100 శాతం పెట్టాను. బల్లను ఏటవాలుగా పెట్టి, బండిని సగం ఎక్కించి చెయ్యి తీసేస్తే అక్కడే అతుక్కుని ఆగింది. ఈ ఫీచర్ లేని ఈఎస్‌సీతో క్రాలింగ్ చేయొద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ ఆటంతా ఆగడంలో ఉంది. ఆగాలి, చక్రాలు ఎక్కడున్నాయో చూడాలి, స్టీరింగ్ కొంచెం తిప్పాలి, మళ్లీ ఒక వేలెడు కదలాలి.

మోటారు మీద చిన్న గేరు పినియన్, దాన్ని అందుకునే పెద్దది స్పర్. స్పర్‌కి 56 పళ్లు, పినియన్‌కి 14 ఉంటే మోటారు నాలుగు చుట్లు తిరిగితే స్పర్ ఒక చుట్టు. పినియన్‌ను 11 పళ్లదానికి మారిస్తే అది అయిదు చుట్లు దాటుతుంది, బండి ఇంకా మెల్లగా, ఇంకా బలంగా కదులుతుంది, మోటారు వేడి కూడా తగ్గుతుంది. అదే చేశాను. రెండు గేర్ల మధ్య ఎంత సందు ఉండాలన్నదానికి నోటుబుక్కు కాగితం ముక్క చాలు, దాన్ని పళ్ల మధ్య పెట్టి రెండు గేర్లనూ దగ్గరికి నొక్కి మోటారు స్క్రూలు బిగించి, కాగితాన్ని తిప్పి తీసేయాలి. అది మడతలు పడి రావాలి, చిరగకూడదు.

రిమోట్ ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6, డ్రోన్లు కట్టే స్నేహితుడి దగ్గర పాతది తక్కువకు వచ్చింది. కారు నడపడానికి తుపాకీలా పట్టుకునే రిమోట్ సుఖమే కానీ, ధర తేడా చాలా ఉంది. ఐ6తో ఒక తిరకాసుంది. ఎడమ చేతి వైపు స్టిక్ పైకీ కిందికీ కదిపితే ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది, డ్రోన్ థ్రాటిల్ కోసం అలా చేశారు. కారుకి అది పనికిరాదు, వదలగానే మధ్యకు రావాలి. అందుకే ఈఎస్‌సీని రెండో ఛానెల్‌కి, సర్వోను నాలుగో ఛానెల్‌కి కలిపాను. కుడి స్టిక్ పైకీ కిందికీ అంటే బండి ముందుకూ వెనక్కూ, ఎడమ స్టిక్ పక్కలకు అంటే స్టీరింగ్. రెండూ వదలగానే మధ్యకు వస్తాయి, రెండు బొటనవేళ్లకూ చెరో పని. ఫెయిల్‌సేఫ్ కూడా మర్చిపోకుండా పెట్టుకోవాలి, సిగ్నల్ పోతే బండి ఆగిపోయేలా.

సర్వో 20 కేజీలది, డీఎస్3218. 20 కేజీలంటే సర్వో ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో 20 కిలోలు లాగగలదని లెక్క. దాని చెయ్యి ప్లాస్టిక్‌ది తీసేసి 25 పళ్ల అల్యూమినియం చెయ్యి పెట్టాను. చక్రాలు పూర్తిగా తిరిగాక కూడా సర్వో ఇంకా నెడుతూ ఉంటే కాలిపోతుంది, కాబట్టి రిమోట్‌లో ఎండ్ పాయింట్లు తగ్గించి, చక్రం ఆగిన చోటే సర్వో కూడా ఆగేలా సరిచేశాను.

కనెక్టర్లు, సిలికాన్ వైరు, స్లీవ్‌లు అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. బ్యాటరీ 2ఎస్ లిపో, అంటే రెండు సెల్‌ల లిథియం పాలిమర్ రకం, 2200 ఎంఏహెచ్. నిండుగా ఛార్జ్ అయితే 8.4 వోల్టులు, ఒక్కో సెల్ 3.2 వోల్టుల కిందికి దిగకుండా చూసుకోవాలి. 20 రోజుల పాటు వాడనప్పుడు సెల్‌కి 3.8 దగ్గర పెట్టి ఉంచాలి. మన ఊరి ఎండల్లో మూసిన కారులో లిపో వదిలేయడం మాత్రం ఎవ్వరూ చేయొద్దు. ఛార్జింగ్ ఎప్పుడూ నేను ఎదురుగా ఉన్నప్పుడే, టైల్స్ నేల మీద, మట్టి మూకుడులో పెట్టి చేస్తాను.

మే, ఖాజాగూడ

తెల్లవారుజామునే వెళ్లాలి. తొమ్మిది దాటితే బండ కాలిపోతుంది, మోటారు చల్లబడే దారి ఉండదు. గుట్ట మీద దర్గా ఉంది, గుడి ఉంది, రాళ్లెక్కడం ప్రాక్టీసు చేసేవాళ్లు వస్తారు, వాకింగ్ వాళ్లు వస్తారు. వాళ్ల దారికి అడ్డం లేకుండా పక్కనున్న పరుపు బండలు చూసుకున్నాను.

ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఇప్పుడు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు ఎవరూ పేర్చినవి కావు, ఎక్కడి నుంచో దొర్లి వచ్చినవీ కావు. నేల లోపల ఉన్నప్పుడే రాతి పగుళ్లలోకి నీరు దిగి, మూలలు ముందు అరిగి, గుండ్రంగా అయి, తర్వాత చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే పైకి తేలాయి. ఇది చదువుకున్న విషయమే కానీ బండి నడిపితే దాని అర్థం చేతికి తెలుస్తుంది. గుండ్రటి రాయి కాబట్టి ఎక్కే మొదట్లో వాలు నిలువుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ పడుకుంటుంది. మొదటి జానెడు ఎక్కితే మిగతాది సులువు. ఆ మొదటి జానెడే ఎక్కదు! ఇంకోటి, రాయి అరిగి రాలిన మొరం పరుపు బండ మీద పలచగా పరుచుకుని ఉంటుంది. శుభ్రంగా ఉన్న గరుకు గ్రానైట్ టైరును బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, అదే వాలు మీద నాలుగు మొరం గింజలుంటే చక్రం వాటి మీద దొర్లి జారుతుంది. ఇప్పుడు ఏ దారిన ఎక్కాలో చూసేటప్పుడు ముందు మొరం ఎక్కడుందో చూస్తున్నాను.

వేసవి సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు తోడొచ్చాడు. కాసేపు చూసి, "మామా, గింత మెల్లగ పోతే మజా ఏముంది?" అన్నాడు. రిమోట్ వాడి చేతికిచ్చి మోకాలెత్తు గుండు ఒకటి చూపించాను. అది ఎక్కేసరికి వాడి నుదుటి మీద చెమట, ఊపిరి బిగబట్టి బొటనవేలు వెంట్రుకవాసి కదుపుతున్నాడు. ఆ తర్వాత రిమోట్ నాకు మళ్లీ రావడానికి చాలాసేపు పట్టింది.

రెండు సమస్యలు బయటపడ్డాయి. ఒకటి, చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే రిసీవర్ లైటు ఆరిపోయి బండి ఒక్క క్షణం చచ్చిపోతోంది. రిసీవర్‌కీ సర్వోకీ కరెంటు ఇచ్చేది ఈఎస్‌సీలోనే ఉన్న చిన్న సర్క్యూట్, బీఈసీ, దాని శక్తి 3 యాంపులు. ఇరుక్కున్న 20 కేజీల సర్వో అంతకంటే ఎక్కువ లాగినప్పుడు వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది. మందు తెలిసిందే. 5 యాంపుల విడి బీఈసీ (యూబీఈసీ అంటారు) ఒకటి తెచ్చి నేరుగా బ్యాటరీకి కలిపి, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్గులో ఎర్ర తీగను బయటికి లాగి టేపు చుట్టాను, లేకపోతే రెండు సప్లైలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఆ తర్వాత లైటు ఒక్కసారి కూడా ఆరలేదు.

రెండోది పెద్దది. నిలువు వాలు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి వెల్లకిలా పడుతోంది.

మే చివర

దీనికి లెక్క ఉంది, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. వాలు మీద ముందు చక్రాలు ఎప్పుడు తేలిపోతాయన్నది రెండు కొలతల మీద ఆధారపడుతుంది, బండి గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకి ఎంత ముందుంది, నేలకు ఎంత ఎత్తులో ఉంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఆ కోణం టాన్ విలువ.

మొదటి కొలతకు వంటింటి తూకం సరిపోయింది. ముందు చక్రాలు తూకం మీద, వెనకవి అంతే ఎత్తు పుస్తకాల మీద. మొత్తం 2.5 కిలోల్లో ముందు పడుతున్నది 1.2 కిలోలు, 48 శాతం. 313లో 48 శాతం అంటే 150 మిల్లీమీటర్లు. ఎత్తు తెలియాలంటే బండిని ఒక చెక్క మీద అడ్డంగా నిలబెట్టి, ఫోన్లో కోణం చూపించే యాప్ పెట్టి, మెల్లగా చెక్కను లేపుతూ పోవాలి. 38 డిగ్రీల దగ్గర పక్కకు పడబోయింది. టైరు మధ్య నుంచి టైరు మధ్యకు వెడల్పు 190, సగం 95, దాన్ని 38 డిగ్రీల టాన్‌తో భాగిస్తే ఎత్తు దాదాపు 120. ఇప్పుడు 150ని 120తో భాగిస్తే 1.25, అంటే 51 డిగ్రీలు. ఇది బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి లెక్క. ఎక్కేటప్పుడు వెనక స్ప్రింగులు కుంగుతాయి, మోటారు కూడా ముందు భాగాన్ని లేపుతుంది, కాబట్టి నిజంగా 40 దాటితే పడిపోతోంది.

కొత్త పార్టులు ఏవీ కొనకుండా చేసింది చెబుతాను. బ్యాటరీ వెనక ఉండేది, దాన్ని ముందు యాక్సిల్ మీదికి, వీలైనంత కిందికి తెచ్చాను. షాకుల పై చివరలను చాసిస్ మీద కింది రంధ్రాలకు మార్చి బండి మొత్తాన్ని దించాను. పొట్ట రాయికి తగలకుండా ఎంత దించగలమో అంతే. ఆ తర్వాత మా దారిలో ఉన్న వీల్ అలైన్‌మెంట్ షాపుకెళ్లి, కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కి అంటించే సీసం ముక్కలు అడిగాను, వెనక జిగురు టేపుతో పట్టీలా వస్తాయి. "గీ చిన్న బండికి గూడ బ్యాలెన్సింగా అన్నా!" అని ఆయన తెగ సంబరపడ్డాడు, పీకేసిన పాత ముక్కలు గుప్పెడు ఊరికే ఇచ్చాడు. వాటిని ముందు చక్రాల రిమ్ముల లోపలి వైపు చుట్టూ అంటించాను, ఒక్కో చక్రానికి 90 గ్రాములు. బరువు రిమ్ములోనే ఎందుకంటే అది స్ప్రింగుల కింద ఉంటుంది, షాకుల మీద భారం పడదు, గురుత్వ కేంద్రం బాగా కిందికొస్తుంది. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకు అందకుండా పెట్టాలి.

మళ్లీ తూచాను. 2.68 కిలోల్లో ముందు 1.53, అంటే 57 శాతం. చెక్క మీద 42 డిగ్రీల దాకా నిలబడింది, ఎత్తు 105కి తగ్గిందన్నమాట. 178ని 105తో భాగిస్తే 1.7 దగ్గర, 59 డిగ్రీలు దాటింది. పైసా ఖర్చు లేకుండా ఎనిమిది డిగ్రీలు!

ఇక టైర్లు. కిట్‌తో వచ్చినవి గట్టి రబ్బరు, గోరుతో నొక్కితే దిగదు. 45 డిగ్రీల వాలు మీద జారకుండా నిలబడాలంటే టైరుకీ రాయికీ మధ్య ఘర్షణ గుణకం 1 ఉండాలి, గట్టి రబ్బరుతో అది అయ్యే పని కాదు. మెత్తని రబ్బరు గ్రానైట్ గరుకులోకి దిగి పట్టుకుంటుంది కాబట్టి అక్కడికి చేరుతుంది, దాటగలదు కూడా. బడ్జెట్‌లో ఇంకా మిగిలినదంతా పెట్టి మెత్తని టైర్లు నాలుగు తెప్పించాను. ఈ రిమ్ములకు జిగురు అక్కర్లేదు, టైరు అంచును రెండు రింగుల మధ్య పెట్టి చిన్న స్క్రూలతో బిగించడమే, మార్చడం సులువు. ఈ టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది. ముందు టైర్ల స్పాంజి మీద చుట్టూ గాట్లు పెట్టి ఇంకొంచెం మెత్తగా చేశాను, వెనకవాటికి గట్టిదే ఉంచాను. ముందు చక్రం రాయి అంచుకు ఆనగానే చపాతీ పిండిలా సాగి అంచును పట్టుకుంటోంది. అంతకుముందు వెల్లకిలా పడేసిన గుండునే ఇప్పుడు ఆగి ఆగి, నింపాదిగా ఎక్కింది.

జూన్ మొదట్లో

బాడీ. జీపు చేద్దామనుకున్నాను, కొలతలు వేస్తే కుదరలేదు. పాత విల్లీస్ జీపు చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, పదో వంతు చేస్తే 203 మిల్లీమీటర్లు, మన చాసిస్ 313. సాగదీస్తే జీపులా ఉండదు. అందుకే ముందు సగం జీపు మూతి, వెనక ఖాళీ ట్రాలీ. ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో సన్‌బోర్డు తునకలు దొరుకుతాయి, 3 ఎంఎం మందం, కట్టర్‌తో కోస్తే చక్కగా తెగుతుంది, ఫెవిక్విక్‌తో అతుక్కుంటుంది. టాపు పెట్టలేదు, పైన పెట్టిన ప్రతి గ్రామూ మే నెలంతా కిందికి దించిన బరువును మళ్లీ పైకి తీసుకెళ్తుంది. ముందు బంపర్ కూడా లేదు. చక్రం కంటే ముందుకు ఏదీ పొడుచుకు రాకపోతే నిలువు రాయికి మొదట తగిలేది టైరే అవుతుంది. మొత్తం బాడీ 200 గ్రాముల లోపే. రంగు స్ప్రే డబ్బాతో, ఇటుక ఎరుపు.

జూన్, తొలకరి తర్వాత

తడి గ్రానైట్ వేరే రాయి. వాన నీళ్లు ఎప్పుడూ కారే చోట బండ మీద నల్లటి చారలుంటాయి చూడండి, ఎండాకాలం వాటి మీద హాయిగా ఎక్కిన బండి ఇప్పుడు సబ్బు మీద వేసినట్టు జారుతోంది. చారలు తప్పించి, వాన కడిగేసిన లేత రంగు రాయి మీద నడిపితే మాత్రం పట్టు అద్భుతంగా ఉంది, మొరం అంతా కొట్టుకుపోయింది కదా. ఈఎస్‌సీ నీళ్లకు తట్టుకుంటుంది, రిసీవర్ తట్టుకోదు. దాన్ని బెలూన్‌లో దూర్చి మూతి దగ్గర జిప్ టై వేసి బిగించాను. టైర్లలో నీళ్లు దిగి స్పాంజి బరువెక్కుతోంది, టైరు మధ్య గాడుల్లో చిన్న రంధ్రాలు పెడితే చక్రం తిరిగినప్పుడు నీళ్లు బయటికి చిమ్ముతున్నాయి. ఇంటికి రాగానే చక్రాలు ఊడదీసి తుడిచి, బేరింగులకు నూనె వేయడం అలవాటు చేసుకున్నాను.

నేను ఏప్రిల్‌లో ఫోన్లో తీసుకున్న ఒక ఫోటో ఉంది, నానక్‌రామ్‌గూడ వైపు రోడ్డు పక్కన మంచి గుండ్ల వరస, అక్కడ నడపాలని గుర్తు పెట్టుకున్నది. ఇప్పుడు అక్కడ రేకుల కంచె, లోపల డ్రిల్లింగ్. ఈ రాళ్ల కోసం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పని చేస్తోంది, వాళ్లు రాతి నడకలు కూడా పెడుతుంటారు, వీలైతే వెళ్లండి. పగలగొట్టిన గుండును మళ్లీ చేయడం ఎవరి వల్లా కాదు. మనం నడిపేటప్పుడు కూడా దారి కోసం రాళ్లు కదపొద్దు, సున్నంతో గుర్తులు పెట్టొద్దు, తెంపిన జిప్ టై ముక్క కూడా జేబులో వేసుకుని రావాలి.

మిగిలిన సమస్య ఒకటి. బాగా నిలువు వాలు మీద లోడు పడగానే చాసిస్ ఒక పక్కకు మెలితిరుగుతోంది, ఎడమ ముందు చక్రం తేలిక పడుతోంది. పొడవునా వెళ్లే డ్రైవ్ షాఫ్టు తిరిగే బలం చాసిస్‌ను ఎదురు దిక్కుకు తిప్పుతుంది, టార్క్ ట్విస్ట్ అంటారు. కుంగుతున్న పక్క వెనక షాకులో స్ప్రింగును నొక్కి పట్టే ప్రీలోడ్ రింగు రెండు చుట్లు బిగించాను, కొంచెం తగ్గింది. ఆ ఒక్క షాకులో ఇంకొంచెం గట్టి స్ప్రింగు వేసి చూడాలి, దాంతోపాటు పై లింకులు (యాక్సిల్‌ను చాసిస్‌కి కలిపే కడ్డీలు) చాసిస్‌కి తగిలే చోటును ఒక రంధ్రం కిందికి మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే దేని వల్ల బాగుపడిందో తెలియదు కాబట్టి ముందు స్ప్రింగు. వాన తెరిపి ఇస్తే వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ పని.